పాటు చూసి గుల్లకు, నీళ్ళు చూసి కూరకు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకు వెళ్ళవు కాబట్టి ఏటా ఈ రోజుల్లో ఇంటిల్లిపాది చూపూ గుల్లల మీద పడుతుంది. ఈసారి ఉత్తరాలన్నీ వాటి గురించే. పిలిచే పేర్లు పేటపేటకీ మారతాయి. ఈ శీర్షికలో మాత్రం ఇసుకలో, బురదలో బతికేవాటిని గుల్లలు అనీ, రాయికి అతుక్కుపోయే ఆయిస్టర్‌ని ఆలిచిప్ప అనీ, పీచుతో వేలాడే మస్సెల్‌ని పచ్చచిప్ప అనీ రాస్తున్నాం.

ప్ర: మంగమారిపేట వైపు రాళ్ళ మీద ఆలిచిప్పలకి ఏ రోజు, ఏ వేళకు వెళ్ళాలి? కార్తీకంలో సరిగ్గా అమావాస్యనాడు వెళ్తే నీళ్ళు సగమే తీశాయి. తెచ్చిన నాలుగు చిప్పలూ కొట్టేసరికి నుజ్జయిపోయాయి.
— ఒక పాఠకుడు, తగరపువలస

జ: అమావాస్య, పౌర్ణమి లెక్క సరైనదే. కాని సముద్రం చంద్రుడి కంటే ఒకటి రెండు రోజులు వెనక నడుస్తుంది. నీళ్ళు బాగా తీసేది పాడ్యమి, విదియల్లో. ఆ రోజుల్లో విశాఖ తీరాన పోటుకీ (నీరెక్కడం) పాటుకీ (నీరు తీయడం) తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి, నవమికి అర మీటరుకి అటూఇటుగా పడిపోతుంది, అప్పుడు వెళ్తే రాళ్ళ నెత్తులు తప్ప ఏమీ బయటపడవు. రోజుకు రెండు పాట్లు. నిన్నటి వేళ కంటే ఇవాళ్టిది సుమారు 50 నిమిషాలు ఆలస్యం.

మీకు నీళ్ళు తీయకపోవడానికి అసలు కారణం మాత్రం నెల. బంగాళాఖాతం మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మన తీరంలో అక్టోబరు, నవంబరుల్లో అన్నిటికంటే ఎత్తుగా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అన్నిటికంటే దిగువగా ఉంటుంది. ఒడ్డు వెంట ప్రవాహం దిశ మారడం, నదుల నుంచి చప్పనీరు వచ్చి చేరడం దీనికి కారణాలు. తేడా సుమారు అడుగు. నిటారు రాతికి అడుగంటే పెద్ద లెక్క కాదు గాని, ఏటవాలు బండ మీద అదే అడుగు చాలా మేర కప్పేస్తుంది. ఫాల్గుణంలో కాళ్ళు తడవకుండా నడిచిన బండ కార్తీకంలో మోకాలి లోతున ఉండటం అందుకే.

పాటు అట్టడుగుకు చేరడానికి గంటన్నర ముందే దిగండి. నీళ్ళ వెనకే నడుస్తూ పైరాళ్ళ నుంచి కిందికి తీసుకుంటూ పోవాలి. నీరు తిరిగాక మొదటి గంటలో నెమ్మదిగా, మూడో గంటా నాలుగో గంటా వచ్చేసరికి జోరుగా ఎక్కుతుంది. నీరు తిరిగిన అరగంటకల్లా గట్టెక్కడం మంచిది. దిగే ముందు పావుగంట కూర్చుని అలల్ని చూడండి. పెద్ద అలలు జట్టుగా వస్తాయి, రెండు జట్ల మధ్య నిమ్మళం చూసి మోసపోయేవాళ్ళే ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు బలంగా ఉంటాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పెద్ద అలల హెచ్చరిక ఇచ్చిన రోజున పాటు ఎంత బాగున్నా రాళ్ళ జోలికి పోకండి.

ఇక కొట్టే పద్ధతి. రాతి ఆలిచిప్పకి కింది డొప్ప సిమెంటు పోసినట్టు బండకి అతుక్కుని ఉంటుంది, పైది మూత. అంచు మీద కొడితే పెంకు ముక్కలై మాంసంలో గుచ్చుకుంటుంది. మీకు జరిగింది అదే. రెండు డొప్పలూ కలిసే మడత వైపు చూసుకుని సన్న మొన ఉన్న ఇనుప సుత్తితో ఒక్క దెబ్బ వేయండి, మొన లోపలికి దూరాక మణికట్టు తిప్పితే మూత లేస్తుంది. మూతని పట్టుకుని ఉండే గుండ్రటి కండని కత్తి మొనతో మూతకి ఆనించి కోయాలి. తర్వాత కింది డొప్ప వైపు అలాగే కోస్తే మాంసం చిరగకుండా వస్తుంది. కింది డొప్పని రాతికే వదిలేయండి. వచ్చే విడత పిల్లలు వాలేది దాని మీదే. గునపంతో బండనంతా చెక్కేసిన చోట మళ్ళీ ఆలిచిప్ప కనపడాలంటే చాలాకాలం ఆగాలి.

రాళ్ళ మీదే విప్పిన మాంసాన్ని మూత ఉన్న డబ్బాలో, ఐసు మీద ఉంచండి. ఎండలో తట్టలో పెట్టుకుని ఇంటికి తెస్తే అది కూరకి పనికిరాదు. చేతికి చిప్ప తెగితే అక్కడికక్కడే మంచినీళ్ళతో, వీలైతే సబ్బుతో కడగాలి. వేడి సముద్రపు నీళ్ళలో విబ్రియో అనే సూక్ష్మజీవి ఉంటుంది. షుగరు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకి తెగిన చోట గంటల్లోనే వాపు, జ్వరం రావచ్చు. అలా వస్తే ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్ర: ఇంగ్లీషు పేరులో 'ఆర్' అక్షరం ఉన్న నెలల్లోనే ఆలిచిప్పలు తినాలని ఫోన్లో చదివాను. మనకూ అదే లెక్కా?
— ఒక పాఠకురాలు, మధురవాడ

జ: కాదు. అది చలిదేశాల లెక్క. అక్కడ మే నుంచి ఆగస్టు దాకా నీళ్ళు వేడెక్కి చిప్పలు గుడ్లు విడుస్తాయి, మాంసం పలచబడుతుంది. పైగా ఐసు లేని కాలంలో వేసవి రవాణాలో సరుకు పాడయ్యేది. ఆ లెక్కని విశాఖకి తెచ్చి పెడితే సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మంచి నెలలైపోతాయి. మనకి అవి వానలు, తుపాన్లు, ఎర్రనీళ్ళ నెలలు. ఊళ్ళో మురుగంతా గెడ్డల (వాగుల) మీదుగా సముద్రంలో పడేది అప్పుడే.

ఇక్కడ చూడాల్సింది నీళ్ళలో ఉప్పు, మురుగు. సంక్రాంతి దాటాక నీళ్ళు తేటపడి ఉప్పు నిలదొక్కుకుంటుంది. అక్కడి నుంచి ఎండలు ముదిరేదాకా మంచి కాలం. మధ్యలో గట్టి వాన పడితే కనీసం వారం పది రోజులు ఆగాలి.

మాంసం నిండిందో లేదో తెలుసుకోవడానికి ఏ పంచాంగమూ అక్కర్లేదు. ఐదు చిప్పలు విప్పి చూడండి. పొట్ట మీగడ రంగులో ఉబ్బి, లోపలి ముదురు పచ్చ పేగు కనపడకుండా కప్పేసి ఉంటే నిండినట్టు. మాంసం గాజులా పలచగా ఉండి పేగు బయటికి కనిపిస్తే గుడ్లు విడిచేసినట్టు. విడిచినవి విషం కావు, రుచీ బరువూ ఉండవంతే. ఒక నెల వదిలేస్తే మళ్ళీ పట్టు పడతాయి.

ప్ర: భీమిలి దగ్గర గోస్తనీ మొగలో (నది సముద్రంలో కలిసే చోట) గుల్లలు ఏరడం కొత్తగా మొదలుపెట్టాం. పక్కవాళ్ళకి తట్ట నిండుతుంది, మాకు అడుగు కూడా నిండదు. పోయినేడు దొరికిన చోట ఈ ఏడు ఒక్కటీ లేదు.
— ఒక పాఠకురాలు, భీమిలి

జ: ముందు చోటు. నున్నటి ముక్కోణపు గుల్ల ఇసుక, కొద్దిగా బురద కలిసిన నేలని ఇష్టపడుతుంది. కాలు పెడితే మడమ దాకా దిగి ఆగే నేల సరైనది. మోకాలి దాకా దిగిపోతే అది బురద, అసలు దిగకపోతే అలలు కడిగేసిన గట్టి ఇసుక. రెంటిలోనూ ఈ గుల్ల తక్కువ. పాటు దిగిన నేల మీద జంటగా ఉండే రెండు చిన్న బెజ్జాల కోసం చూడండి. ఒకటి నీరు పీల్చేది, ఇంకోటి వదిలేది. పక్కన గట్టిగా అడుగేస్తే సన్నగా నీరు చిమ్ముతుంది. ఒంటి బెజ్జం, చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు ఉంటే అది పీత కన్నం, అక్కడ తవ్వి లాభం లేదు.

గుల్ల ఉండేది వేళ్ళకి అందే లోతులోనే, ఎక్కువగా పది సెంటీమీటర్ల లోపు. పారతో తవ్వితే పెంకులు పగులుతాయి, చచ్చిన గుల్ల తట్టలో మిగతావాటినీ పాడుచేస్తుంది. వేళ్ళు వంచి దువ్వెనలా లాగడం మేలు. నడుము లోతు నీళ్ళలో అయితే పాదంతో తడిమి, తగిలినదాన్ని కాలివేళ్ళతోనో చేత్తోనో తీస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు బొట్టనవేలుతోనే రాయికీ గుల్లకీ తేడా చెప్పేస్తారు. పక్కవాళ్ళ తట్ట నిండటంలో రహస్యం చాలావరకు ఇదే.

ఏరినవాటిని నీళ్ళలోనే తట్ట ఊపుతూ జల్లించండి. అడ్డంగా మూడు సెంటీమీటర్ల లోపువి అక్కడే వదిలేయాలి. వదలడమంటే గుట్టగా పారబోయడం కాదు, పలచగా చల్లాలి. గుట్టలో అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. తవ్విన గుంటలు పూడ్చండి. పక్కన పోసిన ఇసుక కుప్ప కింద పిల్లగుల్లలు వందల్లో కప్పబడిపోతాయి.

పోయినేడు దొరికిన చోట ఈ ఏడు లేకపోవడానికి మూడు కారణాలు చూసుకోండి. వరదలో మొగ నీరు రోజుల తరబడి చప్పబడితే గుల్ల నోరు మూసుకుని కొన్నాళ్ళు ఓపిక పడుతుంది, ఆ తర్వాత చచ్చిపోతుంది. అప్పుడు ఇసుకలో తెరుచుకుని ఉన్న ఖాళీ డొప్పలు జతలుగా కనిపిస్తాయి. మొగ ఇసుకమేట పడి మూసుకుపోతే పోటునీరు రాక మేత అందదు. మూడోది, చిన్నా పెద్దా చూడకుండా ఊడ్చేయడం. డొప్పలు కూడా కనపడకపోతే కారణం ఇదే అనుకోవాలి.

కేరళలోని అష్టముడి ఉప్పునీటి సరస్సులో గుల్లలు ఏరేవాళ్ళు గుడ్లు విడిచే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏరడం ఆపేస్తారు. 2014లో ఆ గుల్లల వేటకి, సంపద తరిగిపోకుండా వేటాడేవాళ్ళని గుర్తించే మెరైన్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్ గుర్తింపు వచ్చింది, మన దేశంలో అదే మొదటిది. ఆ నెలలే మనకూ వర్తిస్తాయని కాదు. పైన చెప్పినట్టు విప్పి చూసి, మీ మొగలో గుల్ల ఏ నెలల్లో పలచబడుతుందో రెండేళ్ళు రాసి పెట్టుకుంటే మీ పేట కట్టుబాటు మీరే పెట్టుకోవచ్చు.

ప్ర: ఆలిచిప్పల్లో ముత్యం దొరికే అవకాశం ఉందా?
— ఒక పాఠకుడు, గాజువాక

జ: తినే ఆలిచిప్పలో దొరికితే అది సుద్దముక్కలా మెరుపు లేని గుండు. నగల ముత్యం ఇచ్చేది వేరే జాతి. ఆశ వదిలేసి కూర చేసుకోండి.

ప్ర: హార్బర్ జెట్టీ స్తంభాలకి పచ్చచిప్పలు గుత్తులుగా, అరచేయంత ఉన్నాయి. రెండు రోజులు మంచినీళ్ళలో ఉంచి బాగా ఉడికిస్తే తినొచ్చా?
— ఒక పాఠకుడు, వన్‌టౌన్

జ: వద్దు. ఇందులో మెత్తగా చెప్పడానికేమీ లేదు. ఈ జీవి పగలూ రాత్రీ నీళ్ళు వడకట్టి బతుకుతుంది. నీళ్ళలో ఏది ఉంటే అది ఒంట్లో పోగవుతుంది. ఇన్నర్ హార్బర్ నీళ్ళలో దశాబ్దాలుగా నగరపు మురుగు, పరిశ్రమల నీళ్ళు, పడవల డీజిలు, రంగుల పొట్టు కలుస్తున్నాయి. ఉడికిస్తే క్రిములు చస్తాయి, సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఎక్కడికీ పోవు. శుభ్రమైన ఉప్పునీళ్ళలో ఒకటి రెండు రోజులు ఉంచితే పేగులోని బాక్టీరియా చాలావరకు బయటికి పోతుంది గాని, కండలో చేరిన లోహం అన్ని రోజుల్లో దిగదు. మీరు చెప్పిన మంచినీళ్ళలో అయితే చిప్ప నోరే తెరవదు. లావుగా పెరిగిందంటే నీళ్ళు మంచివని కూడా కాదు. మురుగు వల్ల నీళ్ళలో నాచు ఎక్కువై మేత దండిగా దొరుకుతుంది, అంతే. ఫిషింగ్ హార్బర్‌కీ, గెడ్డలు సముద్రంలో కలిసే చోట్లకీ ఇదే జవాబు.

తేటనీళ్ళ రాళ్ళ మీద దొరికితే గుత్తిని కత్తితో అడుగున కోసి తీయండి. బండని బోడి చేయకుండా మధ్యమధ్య గుత్తులు వదలండి, పిల్లలు పట్టుకునేది పెద్దవాటి పీచునే. ఆ పీచుని వండబోయే ముందే లాగాలి. ఇంటికి రాగానే పీకి పక్కన పెడితే లోపలి కండ చిరిగి, పొయ్యి ఎక్కేలోపే చచ్చిపోతాయి.

ప్ర: రాత్రిళ్ళు అలలు నీలంగా మెరిసిన రోజుల్లో చిప్పలు తినకూడదంటారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, పెదజాలారిపేట

జ: పాటించడం మంచిదే, కారణం మాత్రం మెరుపు కాదు. ఆ వెలుగు ఎక్కువగా నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవిది, దానికి పక్షవాతం తెచ్చే విషం లేదు. కాని అది విపరీతంగా పెరిగిందంటే నీళ్ళలో ఏవో ఒకటి గుంపుగా పెరిగే పరిస్థితి ఉన్నట్టే. వాటిలో కొన్నిటి విషం చిప్పల్లో చేరుతుంది. ఆ విషం మరిగించినా పోదు, రుచిలో, వాసనలో తెలియదు, చిప్పకి ఏమీ కాదు. 1997లో కేరళలో విళింజం దగ్గర మస్సెల్ తిని ఏడుగురు చనిపోయింది ఇలాంటి విషంతోనే.

నీళ్ళు ఎర్రగానో, చిక్కటి ఆకుపచ్చగానో, గోధుమరంగులోనో తెట్టు కట్టి ఉంటే, ఒడ్డుకు చచ్చిన చేపలు కొట్టుకొస్తే ఆ నీళ్ళ చిప్పలు కొన్ని వారాలు మానేయండి. తిన్న అరగంట నుంచి రెండు గంటల్లో పెదవులు, నాలుక చిమచిమలాడి, వేళ్ళు తిమ్మిరెక్కితే అది అజీర్తి కాదు. దీనికి విరుగుడు మందు లేదు. ఊపిరి అందకపోతే యంత్రంతో అందించడమే వైద్యం, అందుకే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి.

ప్ర: ఎంత కడిగినా గుల్లల కూరలో ఇసుక తగులుతోంది. బకెట్ నిండా కుళాయి నీళ్ళు పోసి, బియ్యప్పిండి వేసి రాత్రంతా ఉంచుతున్నాను.
— ఒక పాఠకురాలు, ఆరిలోవ

జ: మీరు చేస్తున్న మూడు పనులూ గుల్లకి ఇష్టం లేనివే. చప్పనీళ్ళు తగలగానే నోరు బిగిస్తుంది, ఇసుక లోపలే ఉండిపోతుంది. లోతు బకెట్లో అడుగునున్నవాటికి గాలి అందదు. పిండి నీళ్ళని పులియబెడుతుంది.

ఏరిన చోటి నీళ్ళే ఒక డబ్బాడు తెచ్చుకుని, తేరనిచ్చి, గుడ్డలో వడకట్టడం అన్నిటికంటే మంచిది. బజార్లో కొన్నవైతే లీటరు నీళ్ళకి 30 గ్రాముల కళ్ళుప్పు కలపండి. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోయేదాకా ముందురోజే పట్టి ఉంచాలి. మొగలో దొరికిన గుల్లకి ఆ ఉప్పు ఎక్కువై నోరు తెరవకపోతే 20 గ్రాములకి తగ్గించి చూడండి. వెడల్పాటి పళ్ళెంలో చిల్లుల బుట్ట బోర్లించి, దాని మీద గుల్లల్ని ఒకటే వరసగా పరచండి. నీళ్ళు వాటి పైన అంగుళం ఉంటే చాలు. నీడలో, చీకట్లో, కదపకుండా ఉంచితే అరగంటలో గొట్టాలు బయటికి వస్తాయి. ఉమ్మిన ఇసుక చిల్లుల్లోంచి కిందికి పోతుంది కాబట్టి మళ్ళీ పీల్చుకోవు. రెండు గంటలకి నీళ్ళు మార్చి ఇంకో రెండు గంటలు ఉంచండి, అంతకంటే అక్కర్లేదు. చివర్లో గుల్లల్ని చేత్తో పైకి తీయాలి. పళ్ళెం వంచి నీళ్ళు పారబోస్తే అడుగునున్న ఇసుకంతా మళ్ళీ వాటి మీదకే వస్తుంది.

ఇంత చేసినా కూర చెడగొట్టేది మట్టిగుల్ల. లోపల జీవం పోయి, రెండు డొప్పల మధ్య బురద నిండి మూసుకుని ఉంటుంది. చూడటానికి బతికినదానిలాగే ఉంటుంది, బరువూ ఎక్కువే. ఒక్కొక్కదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి డొప్పల్ని చెరో పక్కకీ నెట్టండి. బతికినది కదలదు, మట్టిది జారి నల్లటి బురద కక్కుతుంది. ఇలా ఏరడానికి పది నిమిషాలు పడుతుంది, ఒక్కటి తప్పిపోయినా పులుసంతా పారబోయాలి. నోరు తెరిచి ఉన్నవాటిని రెండింటిని ఒకదానికొకటి తట్టి చూడండి. మూసుకోకపోతే పారేయండి.

ప్ర: కాకినాడ నుంచి తెచ్చిన గుల్లలు విప్పితే రక్తం కారింది. పాడైనట్టా?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జ: లేదు. ఒళ్ళంతా గాడులు ఉంటే అవి బుడిత గుల్లలు. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వాటిలోనూ ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. వాసన బాగుంటే వండుకోండి. ఎరుపు పోకూడదని సగం ఉడికించి తినడం మాత్రం ప్రమాదం. 1988లో షాంఘైలో ఈ కోవ గుల్లల్ని పచ్చిపచ్చిగా తిని దాదాపు మూడు లక్షల మందికి కామెర్లు వచ్చాయి. నోరు తెరుచుకోగానే దించేయకుండా ఇంకో నాలుగైదు నిమిషాలు తెర్లనివ్వాలి.

ప్ర: ఉప్పుటేరులో తాళ్ళు కట్టి ఆలిచిప్పలు పెంచాలని ఉంది. పోయినేడు ఖాళీ చిప్పలు గుచ్చి వేలాడదీశాం. బురదా, తెల్లటి పురుగు గూళ్ళూ తప్ప ఏమీ పట్టలేదు.
— ఒక పాఠకుడు, భీమిలి మండలం

జ: తొందరపడి ముందే కట్టినట్టున్నారు. ఆలిచిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీళ్ళలో ఈది, ఆ తర్వాత శుభ్రమైన గట్టి చోటు చూసి అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుంటే జీవితాంతం అక్కడే. మీ చిప్పలు నెల ముందు నీళ్ళలో దిగితే పిల్లలు వచ్చేసరికి వాటి మీద బురద, పాచి, ఇతర జీవాలు చేరిపోతాయి, చోటు మిగలదు. పెద్ద చిప్పల్ని వారానికోసారి విప్పి చూస్తూ, నిండుగా ఉన్నవి పలచబడటం మొదలైన వారంలో తాళ్ళు కట్టండి.

చిప్పలు ఎండలో బాగా ఎండి, గీకి కడిగినవై ఉండాలి. నడుమ బెజ్జం పెట్టి నైలాన్ తాడుకి ఐదారు చొప్పున, జానెడు ఎడంతో ముడులు వేయండి. ముడి లేకపోతే అన్నీ కిందికి జారి ఒకదానికొకటి అతుక్కుంటాయి. బోర్లా ఉండేలా గుచ్చితే లోపలి నున్నటి వైపు బురద నిలవదు. తాడు కొస నేలకి అడుగు పైన ఉండాలి, తగిలిందంటే పీతలు ఎక్కుతాయి. పట్టిన పిల్లలు గోరంత అయ్యాక పీతలదే అసలు బెడద. తాళ్ళు పైకి తీసి దులపడం నెలకి రెండుసార్లయినా ఉండాలి. ఏడాదికి ఎనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. లెక్కలు వేసుకునేటప్పుడు గుర్తుంచుకోండి, వంద కిలోల చిప్పలకి మాంసం ఎనిమిది నుంచి పది కిలోలే.

ప్ర: తిన్నాక మిగిలిన పెంకులు బస్తాలకి బస్తాలు ఉన్నాయి. ఇంట్లో సున్నం కాల్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, యారాడ

జ: కాల్చవచ్చు గాని కట్టెల పొయ్యి వేడి చాలదు, సుమారు 900 డిగ్రీలు కావాలి. బట్టీలో పెంకూ బొగ్గూ వరసలుగా పేర్చి గాలి కొట్టేది అందుకే. నూరు కిలోల పెంకు పూర్తిగా కాలినా వచ్చేది 56 కిలోల లోపే. నీళ్ళు చల్లినప్పుడు సలసల కాగి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ పని పెట్టుకోకండి. దాని బదులు ఉప్పు పోయేలా కడిగి, ఎండబెట్టి, రోట్లో బియ్యపు నూక అంత చేసి కోళ్ళకి విడిగా ఒక మూకుడులో పెట్టండి. దాణాలో కలపొద్దు. గుడ్లు పెట్టే పెట్ట తనకి కావలసినంత తానే తింటుంది, పుంజు ముట్టదు.